మావాళ్ళకి ఒంట్లో బాగాలేదు

3వ తేదీ, సోమవారం

బీపీ డాక్టరు మందుబిళ్ళ మార్చి, పనిలో పనిగా ఒక సలహా కూడా ఇచ్చాడు. కోపం వచ్చినప్పుడు అరవకుండా పుస్తకంలో రాసుకోవాలట. “ఎక్కువగా ఎవరి మీద అరుస్తుంటారు?” అని అడిగాడు. ఆలోచించి, “అందరి మీదా సమానంగానే” అన్నాను. నవ్వాడు. అందులో నవ్వడానికేముందో నాకు తెలియలేదు. సరే, రాస్తున్నాను. ఇవాళ్టి కోపం మా వియ్యపురాలి మీద.

నిన్న కూతురింటికి భోజనానికి వెళ్ళాం. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, రెండుసార్లు సబ్బు రుద్దుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కునే వెళ్ళాను. నేను సోఫాలో కూర్చున్నానో లేదో వియ్యపురాలు లేచి వెళ్ళి కిటికీ తెరిచింది.

“ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ, కాస్త గాలి ఆడనిద్దాం.”

బయట చలి కొరికేస్తోంది. “ఉక్కగా ఉందా చెల్లెమ్మా?” అన్నాను, చేతులు రుద్దుకుంటూ.

“అబ్బే, ఉక్కేం లేదండీ” అని, రెండో కిటికీ కూడా తెరిచింది.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, నేను డ్రైనేజీ నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటుకి ఇంజనీరుని. ఈ మహానగరంలో పొద్దున్నే లేచి జనం చేసే పనులన్నీ, స్నానాలూ, అంట్లూ, బట్టలుతుకులూ, పైకి చెప్పుకోనివీ, గొట్టాల వెంట నా దగ్గరికే వస్తాయి. వాటిని తేటనీళ్ళు చేసి నదిలోకి పంపడం నా పని. అందుకని నా ఒంటి నుంచి కంపు కొడుతుందా?

వియ్యపురాలు ఈత టీచరు. మెడలో ఈల ఎప్పుడూ ఉంటుంది, భోజనాల దగ్గర కూడా. మా ప్లాంటు నీళ్ళు నదిలో కలిసే చోటికి కాస్త దిగువన, పాత వంతెన కింద, పదహారో తేదీ ఆదివారం పిల్లలకి ఈతపోటీ పెడుతోంది. ఆ నీళ్ళలో దిగకూడదని బోర్డు నాటి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఈవిడ రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, నీళ్ళకి పరీక్షలు చేయించి, ఆ బోర్డు పీకించింది. భోజనాల దగ్గర అందరూ ఆవిడని తెగ మెచ్చుకున్నారు. నీళ్ళు పరీక్షలో నెగ్గింది ఎవరివల్ల? ఒక్కరూ నావైపు చూడలేదు.

పోటీలో మా మనవరాలు కూడా ఈదుతోంది. ఎనిమిదేళ్ళు నిండలేదు. ఇంట్లో దాన్ని చేపపిల్ల అంటాం.

లేచేముందు వియ్యపురాలు, “గురువారం మా ఈత పిల్లల్ని మీ ప్లాంటు చూడ్డానికి తీసుకొస్తానండీ. ముక్కులకి ఏమైనా కట్టుకు రావాలా?” అంది.

దీనికి ఏం రాయాలో తెలియడంలేదు. డాక్టరుకి రాతతో కోపం ఎలా తగ్గుతుందో తెలిసినట్టు లేదు.

4వ తేదీ, మంగళవారం

ప్లాంటంతా వాసన చూస్తూ తిరిగాను. ఇన్నేళ్ళ సర్వీసులో నా ముక్కు ఎప్పుడో రిటైరయింది కాబట్టి సైరన్‌ని వెంటబెట్టుకున్నాను. సైరన్ అంటే మా ఫోర్‌మన్. మోటార్ల హోరులో పనిచేసి చేసి మెల్లగా మాట్లాడటం మర్చిపోయాడు. “ఇక్కడ పర్లేదు సార్!” అని అరిస్తే గేటు బయట రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తారు.

అసలు కంపు రిటర్న్ సంపు దగ్గర. చూసేవాళ్ళకి అక్కడున్నది గోధుమరంగు బురద. నాకు మాత్రం మావాళ్ళు. ఆ బురద నిండా కోటానుకోట్ల సూక్ష్మజీవులు. పెద్ద ట్యాంకుల్లో కింద నుంచి మేం గాలి కొడుతుంటే, ఆ గాలి పీలుస్తూ, నగరం పారబోసిన మురికంతా తిని బొద్దుగా తయారవుతాయి. తర్వాతి ట్యాంకులో నీళ్ళు కదలకుండా నిలబెడితే అడుగుకి దిగిపోతాయి. పైన తేరుకున్న నీళ్ళు నదికి. అడుగున చేరిన మావాళ్ళు రిటర్న్ సంపులోకొచ్చి, అక్కణ్ణుంచి పంపుల మీద మళ్ళీ మొదటి ట్యాంకుకి, మళ్ళీ భోజనానికి. నదిని కాపాడేది నేను కాదు, పెద్దసారు కాదు, వీళ్ళు. మా ఆవిడ రోజూ “మీవాళ్ళు కులాసానా?” అని వెటకారంగా అడుగుతుంది. కులాసానే అంటాను.

గురువారం లోపల ఆ కంపు పోవాలి. పోయి తీరాలి.

5వ తేదీ, బుధవారం

దొరికింది! హోటళ్ళకీ ఆస్పత్రులకీ సరఫరా చేసేవాడొకడు సువాసన ద్రవం తెచ్చాడు. మూత తీయగానే ఆఫీసంతా పూలతోటయిపోయింది. “ఎలాంటి వాసన్నయినా చంపేస్తుంది సార్” అన్నాడు. లారీ నిండా పీపాలు దింపించాను.

సంపు చుట్టూ చల్లమని సైరన్‌కి చెప్పాను. చుట్టూ చల్లితే పోలేదు. సంపులోనే పొయ్యమన్నాను. సైరన్ మొహం వెలిగిపోయింది. ఒక పీపా చాలన్నచోట మూడు పోశాడు. “సార్, నిన్న ఇంటికెళ్తే మా ఆవిడ పక్కన కూర్చోనిచ్చింది సార్!” అని రేపు పొద్దున్నే అరుస్తాడని పందెం కాయొచ్చు.

మావాళ్ళకి ఏమీ కాదు. పూలవాసనే కదా. పూలవల్ల ఎవరికైనా ఏమైనా అయిందా?

6వ తేదీ, గురువారం

నా జీవితంలో ఇంత మంచిరోజు పెళ్ళి తర్వాత ఇదే. మా ఆవిడ ఈ పుస్తకం చదవదు కాబట్టి, పెళ్ళిరోజు కంటే కూడా మంచిదని రాస్తున్నాను.

పిల్లలు వరసగా వచ్చారు. ఒకడు జల్లెడల దగ్గర నిలబడి, “మా తాత పళ్ళసెట్టు బాత్రూంలో పడిపోయింది, ఇక్కడ దొరుకుద్దా?” అని అడిగాడు. ఇంకో పిల్ల ట్యాంకులోకి వంగి చూసి, “ఇందులో మా ఇంటిది ఎక్కడుంది?” అంది. వాళ్ళందరినీ ల్యాబులోకి తీసుకెళ్ళి, మా ల్యాబు మేడం చేత మైక్రోస్కోపులో మావాళ్ళని చూపించాను. సన్నటి కాడల చివర గంటల్లా ఊగుతూ, నోళ్ళు తెరుచుకుని గబగబా తింటున్నాయి. చేపపిల్ల వెనక్కి తిరిగి అందరితో, “ఇవన్నీ మా తాతయ్యవే” అంది. నా ఛాతీ చొక్కా గుండీల్ని తెంపేసేదే.

రిటర్న్ సంపు దగ్గరికొచ్చేసరికి వియ్యపురాలు ఆగిపోయింది. “ఏంటన్నయ్యగారూ, పూలతోటలోకొచ్చినట్టుంది!” అని నుదురు పట్టుకుంది. ఆనందం పట్టలేకపోయింది పాపం. కాసేపు కూర్చుంటానంది కూడా. అప్పుడు నేను అందరి ముందూ చెప్పాను, “పదహారో తారీఖున నది అద్దంలా ఉంటుంది చెల్లెమ్మా. నాదే పూచీ.”

పోటీ అయ్యేదాకా రోజూ పొయ్యమని సైరన్‌కి చెప్పాను. వద్దంటే ఏడ్చేవాడు.

8వ తేదీ, శనివారం

గాలి ట్యాంకుల మీద కొంచెం తెల్లనురుగు. రేపటికి సర్దుకుంటుంది.

9వ తేదీ, ఆదివారం

నురుగు సర్దుకోలేదు. ఊళ్ళో ఎవడో సబ్బునీళ్ళు విచ్చలవిడిగా వదిలినట్టున్నాడు. ఆదివారం కదా, అందరూ బట్టలుతుక్కుంటారు. రేపటికి సర్దుకుంటుంది.

10వ తేదీ, సోమవారం

సర్దుకోలేదు సరికదా, గోడ దాటింది. గాలికి నురుగు తెప్పలు తెప్పలుగా లేచి రోడ్డు మీద పడింది. పెద్దసారు కారు అప్పుడే గేట్లోకి వచ్చింది. కారు దిగేసరికి ఆయన తల మీద నురుగు. తుడుచుకోండి అని చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలక, మీటింగంతా అలాగే జరిగింది. ఆ నురుగు మెల్లమెల్లగా చెవి మీదికి జారుతుంటే నేను ఒక్క మాటా వినలేదు. ఆయన మాత్రం నన్నే తిట్టారని సైరన్ చెప్పాడు. నాకే కాదు, పక్క వీధికి కూడా చెప్పాడు.

మధ్యాహ్నం ల్యాబు మేడం పిలిచింది. “సార్, ఒకసారి చూడండి” అని లేచి కుర్చీ ఇచ్చింది. చూశాను. కాడల చివర గంటలన్నీ ముడుచుకుపోయాయి. ఒక్కటీ ఊగడంలేదు, తినడంలేదు.

ఇది ఆస్పత్రి వాళ్ళ పనే. ఫోన్ చేసి, “ఏం పారబోస్తున్నారమ్మా మీరు డ్రైనేజీలోకి?” అని అడిగాను. “మీకు ఏ డాక్టరు కావాలండీ?” అంది ఫోనెత్తినమ్మాయి. “నాకు కాదు, మావాళ్ళకి ఒంట్లో బాగాలేదు” అన్నాను. “ఎంతమంది?” అంది. కోటానుకోట్లమంది అన్నాను. మానసిక వైద్యుడికి కలిపింది.

అరవలేదు. రాస్తున్నాను.

11వ తేదీ, మంగళవారం

మావాళ్ళు తినడం మానేస్తే మురికి మురికిలాగే ఉంటుంది, పైగా చచ్చినవాళ్ళు కుళ్ళుతారు. సంపు దగ్గర కొత్తరకం కంపు మొదలైంది. సువాసన ఇంకో రెండు పీపాలు ఎక్కువ పొయ్యమన్నాను.

నేరస్థుణ్ణి పట్టుకోవడానికి జీపు వేసుకుని సైరన్‌తో బయల్దేరాను. వీధి వీధికీ ఆగి మ్యాన్‌హోల్ మూత తీయించి, సైరన్‌ని వాసన చూడమన్నాను. “మామూలు కంపే సార్!” అని అరవడం, బాల్కనీల్లోకి జనం రావడం. హోటలు వాళ్ళు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. రంగుల అద్దకం వాళ్ళు రానిచ్చి, టీ ఇచ్చి, వాళ్ళ మురుగుతొట్టి చూపించారు. నిక్షేపంలా ఉంది. నాకు చాలా నిరాశ కలిగింది.

చివరికి పెద్ద లాండ్రీ. ఓనరు బయటికొచ్చి, “మేం సువాసనలు అసలు వాడం సార్. కస్టమర్లకి పడదు. అవునూ, మీరేం వాడతారు? చొక్కా భలే వాసనొస్తోంది” అన్నాడు.

ఒక్క మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి నా చొక్కా గురించి ఆ మాటన్నాడు. సువాసన ద్రవం పేరు చెప్పి వచ్చాను. లాండ్రీవాడు నిర్దోషి అని నా అభిప్రాయం.

12వ తేదీ, బుధవారం

మావాళ్ళు చచ్చిపోతున్నారు.

నదికి పోయే నీళ్ళు పలచటి టీ రంగుకి తిరిగాయి. ఆఖరి గదిలో నీలిదీపాల వరస మీదుగా పోతేగాని నీళ్ళు బయటికెళ్ళవు. ఆ వెలుగు తగిలితే మిగిలిన రోగక్రిములు పనికిరాకుండా పోతాయి. కానీ వెలుగు దూరాలంటే నీళ్ళు తేటగా ఉండాలి. మురికిగా ఉంటే ఒక్కో నలుసు చాటున నాలుగు క్రిములు దాక్కుని, దీపాల కిందనుంచే దర్జాగా నదిలోకి వెళ్తాయి. అక్కణ్ణుంచి వంతెన కిందికి.

వియ్యపురాలు ఫోన్ చేసింది. “నీళ్ళు ఎలా ఉన్నాయన్నయ్యగారూ?”

“అద్దమే చెల్లెమ్మా” అన్నాను.

ఆదివారానికి ఇంకా చాలా టైముంది. సర్దుకుంటుంది.

13వ తేదీ, గురువారం

ఇవాళ పొద్దున ఊళ్ళోంచి నీళ్ళు లోపలికొచ్చే కాలవ దగ్గర నిలబడ్డాను. నురుగు ఎక్కడ మొదలవుతోందో చూద్దామని. అక్కడ నురుగు లేదు. ఎప్పటి కంపే. సైరన్ కూడా అదే అన్నాడు. తర్వాత నడుచుకుంటూ అటు చివర, నదిలోకి పడే కాలవ దగ్గరికెళ్ళాను.

రిటైరైన ముక్కుకి కూడా తెలిసింది. పూలవాసన.

ఊరి నుంచి వచ్చేటప్పుడు లేనిది నదికి పోయేటప్పుడు ఉందంటే, అది మధ్యలో కలిసింది. మధ్యలో ఉన్నది నేను.

గట్టు మీదే కూర్చున్నాను. పీపాల వాడికి ఫోన్ చేసి, “అందులో క్రిములు చచ్చే మందేమైనా ఉందా బాబూ?” అని మెల్లగా అడిగాను. లేదంటాడని ఆశ.

“భలేవారే సార్! అదేగా మా సరుకు గొప్ప! ఒక్క క్రిమి మిగిలితే చెప్పండి, సరుకు వాపసు” అన్నాడు.

మిగల్లేదయ్యా. ఒక్కటి కూడా మిగల్లేదు. ఆస్పత్రి నేల తుడవాల్సినదాన్ని నేను మావాళ్ళకి పూటపూటా పట్టించాను. తిన్నది వాంతయ్యేలా కాదు, ప్రాణం పోయేలా. బురద అడుగున కూర్చున్న నా కోటానుకోట్లమంది ఏమీ అనకుండా చచ్చిపోయారు, వియ్యపురాలు మెచ్చుకోవాలని.

సైరన్‌ని పిలిచి ఆపెయ్యమన్నాను. “ఎందుకు సార్?” అన్నాడు. మొదటిసారి మెల్లగా అన్నాడు.

14వ తేదీ, శుక్రవారం

దారి ఒక్కటే. నగరానికి అటువైపున్న ప్లాంటు నుంచి బతికున్న బురదని ట్యాంకర్లలో తెచ్చి పోసి, మళ్ళీ పెంచుకోవాలి. పెరుగు తోడు పెట్టినట్టే. కాకపోతే తోడుకోవడానికి రెండు వారాలు పడుతుంది.

అటువైపు ఇంజనీరు నా బ్యాచివాడు. ఎప్పుడూ నా కంటే ఒక మార్కు తక్కువొచ్చేది, ఆ బాధ వాడికింకా పోలేదు. “ఏం చేశావేంటి మీవాళ్ళని?” అన్నాడు. చెప్పాను. ఫోన్ చేతిలోంచి జారినట్టుంది, దూరంగా నవ్వు వినిపించింది. పాపం, ట్యాంకర్లు మాత్రం సాయంత్రానికే పంపాడు.

పెద్దసారుకి చెప్పాను. ఆయన తలుపు వేసి, “నదినీళ్ళ రిపోర్టు మంగళవారం కదా వచ్చేది?” అన్నారు.

“అవును సార్.”

“పోటీ ఆదివారం కదా?”

“అవును సార్.”

“మరింకేం?” అన్నారు.

ఇంటికొస్తూ ఆలోచించాను. ఆయన చెప్పిందాంట్లోనూ న్యాయముంది. నది పెద్దది. మా కాలవ ఎంత? పోటీ వంతెన కింద ఒక్క దాటు, ఇలా దిగి అలా ఎక్కుతారు. ఆపమంటే వియ్యపురాలి రెండేళ్ళ కష్టం, నా పూచీ, పెద్దసారు కుర్చీ, అన్నీ ఒక్కసారే మునుగుతాయి. మళ్ళీ బోర్డు నాటేస్తారు. నోరు మూసుకుని ఈదితే ఎవరికీ ఏమీ కాదు. పిల్లలు నోరు మూసుకునే ఈదుతారు కదా. ఈత టీచరు నేర్పే ఉంటుంది. నోరు మూసుకుని.

అప్పుడే చేపపిల్ల ఫోన్ చేసింది. “తాతయ్యా, నాకు బాగా వచ్చేసింది తెలుసా! ముందైతే అటు చివరికెళ్ళేలోపు బోలెడు నీళ్ళు తాగేసేదాన్ని. ఇప్పుడు రెండే గుటకలు!”

“రెండే?” అన్నాను.

“రెండే. ఒక్కోసారి మూడు.”

15వ తేదీ, శనివారం

వెళ్ళాను. ఈతకొలను గట్టు మీద పిల్లలు టోపీలు పెట్టుకుని ఆఖరి ప్రాక్టీసులో ఉన్నారు. తల్లిదండ్రులందరూ అక్కడే. కాస్త పక్కకి రమ్మందామనుకున్నాను గానీ, వియ్యపురాలు నన్ను చూడగానే, “ఇదిగో, మనకి నీళ్ళిచ్చే అన్నయ్యగారు!” అని అందరి చేతా చప్పట్లు కొట్టించింది.

“చెల్లెమ్మా, రేపటి పోటీ ఆపెయ్యాలి.”

“అదేంటి? వానొస్తుందన్నారా?”

“లేదు. నదినీళ్ళు బాగాలేవు. పిల్లలు దిగకూడదు.”

“మొన్న అద్దమన్నారుగా?”

“మొన్న అబద్ధం చెప్పాను.”

ఆవిడ మొహం మారిపోయింది. తల్లిదండ్రులు దగ్గరికొచ్చారు. “ఎవడండీ పాడుచేసింది? పేరు చెప్పండి, రేపు వీళ్ళందర్నీ తీసుకెళ్ళి వాడింటి ముందు కూర్చోబెడతా” అంది.

“నేనే.”

ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. పూలవాసన, పీపాలు, సంపు, చచ్చిపోయిన మావాళ్ళు, అంతా.

“డ్రైనేజీలో పూలవాసన ఎందుకండీ?” అంది, నిజంగానే అర్థంకాక.

“మీరు కిటికీ తెరిచారని.”

“ఏ కిటికీ?”

“ఆ రోజు భోజనాలకొచ్చినప్పుడు. నేను కూర్చోగానే తెరిచారు. తర్వాత రెండోది కూడా.”

ఆవిడ ఆలోచించింది. నేను పదమూడు రోజులుగా నిద్రపోకుండా మోసిన కిటికీ ఆవిడకి గుర్తేలేదు! ఉన్నట్టుండి గుర్తొచ్చి, మొహం కందగడ్డయింది. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి, “ఆవిర్లండీ అన్నయ్యగారూ. ఈ వయసులో ఆడవాళ్ళకొస్తాయి, ఒళ్ళంతా ఒక్కసారి పొయ్యిలో పెట్టినట్టవుతుంది. మగవాళ్ళ ముందు ఏమని చెప్పుకుంటాం? వదినగారికి తెలుసు” అంది.

వదినగారంటే మా ఆవిడ. తెలిసే వంటింట్లోకెళ్ళి నవ్వింది.

వియ్యపురాలు వెనక్కి వెళ్ళి ఈల ఊదింది. “రేపు పోటీ లేదు. నీళ్ళు బాగయ్యాక పెడతాం” అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, అందరూ విన్నారు. పిల్లల్లో సగంమంది ఏడ్చారు. చేపపిల్ల ఏడవలేదు. టోపీ తీసేసి, నావైపు ఒకసారి చూసి, వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది. అంతకంటే వియ్యపురాలు నన్ను నాలుగు దులిపినా బాగుండేది.

16వ తేదీ, ఆదివారం

ఎండ బ్రహ్మాండంగా కాసింది. దానికీ నా మీద కోపమే.

19వ తేదీ, బుధవారం

పెద్దసారు సంజాయిషీ అడిగారు. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. చదివి, “‘కిటికీ’ అన్న ముక్క తీసెయ్యకూడదా?” అన్నారు. తీసెయ్యనన్నాను. నురుగు రోజు తలమీద నురుగుతో మీటింగు పెట్టారని ఎవరో చెప్పినట్టున్నారు, నా మొహం చూడటంలేదు.

వియ్యపురాలు పొద్దున్నే ప్లాంటుకొచ్చింది. నాతో మాట్లాడలేదు. నేరుగా రిటర్న్ సంపు దగ్గరికెళ్ళి, వంగి గట్టిగా పీల్చి, “ఇంకా పూలే” అని వెళ్ళిపోయింది.

20వ తేదీ, గురువారం

మళ్ళీ వచ్చింది. “ఇంకా పూలే.”

22వ తేదీ, శనివారం

“పూలు తగ్గాయి” అంది. అని, నేనిచ్చిన టీ తాగింది.

నేను పగలంతా ట్యాంకుల దగ్గరే ఉంటున్నాను. గాలి పెంచుతాను, తగ్గిస్తాను, కొత్తగా వచ్చినవాళ్ళకి ఎక్కువ మేత పడకుండా సగం నీళ్ళని పక్క ట్యాంకుల్లో ఆపి మెల్లగా వదులుతాను. చంటిపిల్లల్ని పెంచినట్టుంది. మా కూతుర్ని నేనింత శ్రద్ధగా పెంచలేదని మా ఆవిడ అంది. పెంచింది తనే కదా, తనకి తెలుస్తుంది.

25వ తేదీ, మంగళవారం

నేను ల్యాబులో ఉండగా సంపు దగ్గర కేక వినిపించింది. పరిగెత్తాను. వియ్యపురాలు గట్టు మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

“అన్నయ్యగారూ! కంపు! కంపు కొడుతోంది!”

సైరన్ వంగి వాసన చూసి, “మన కంపే సార్! అచ్చం మన కంపే!” అని అరిచాడు. ముగ్గురం ఆ గట్టు మీద నిలబడి పీల్చాం. ల్యాబు మేడం కిటికీలోంచి తల బయటపెట్టి, గంటలు ఊగుతున్నాయి సార్ అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఇది మాత్రం బీపీవల్ల కాదు.

28వ తేదీ, శుక్రవారం

నదినీళ్ళ రిపోర్టొచ్చింది. బాగున్నాయి. బాగున్నాయని నమ్మకం కలగక రెండోసారి పరీక్ష చేయించాం. బాగానే ఉన్నాయి. పోటీ ఎల్లుండి.

చేపపిల్లకి ఫోన్ చేశాను. “నీళ్ళు బాగున్నాయమ్మా” అన్నాను. “నిజంగానా, లేక మొన్నట్లాగానా?” అంది.

అడగాల్సిందే కదా.

30వ తేదీ, ఆదివారం

వంతెన మీదంతా జనం. వియ్యపురాలు ఈల పట్టుకుని, “ముందు అన్నయ్యగారు దిగుతారు. ఆయన దిగి ఎక్కితేనే పిల్లలు దిగేది” అని ప్రకటించింది. నాతో ముందు ఒక్క మాట చెప్పలేదు.

“నాకు ఈత రాదు చెల్లెమ్మా!”

“నడుములోతే అన్నయ్యగారూ. పట్టుకోవడానికి నేను లేనూ?”

ప్యాంటు మడుచుకుని దిగాను. ఇన్నేళ్ళు ఈ నదికి కాపలా కాశాను గానీ అందులో పాదం పెట్టడం ఇదే మొదలు. నీళ్ళు చల్లగా తగిలేసరికి ఒళ్ళు ఝల్లుమంది. నడుము దాకా వెళ్ళాక కిందికి చూశాను. నా కాళ్ళు కనిపించాయి. వేళ్ళు కూడా కనిపించాయి, గోళ్ళు తీసుకోలేదని మా ఆవిడ పై నుంచి చెప్పింది. అంత తేటగా ఉన్నాయి.

ఎక్కడానికి నాకు బుద్ధి పుట్టలేదు. ఈల మోగింది. పిల్లలందరూ ఒక్కసారే దూకారు.

“అన్నయ్యగారూ, పక్కకి జరగండి, పిల్లలకి అడ్డం!”

జరిగాను. చేపపిల్ల నా పక్కనుంచే వెళ్ళింది, నాలుగోదో ఐదోదో, చేతులు టపటపా కొడుతూ. నన్ను చూసి నవ్వబోయి నోరు బార్లా తెరిచింది. నీళ్ళన్నీ లోపలికే పోయాయి. ఒక గుటక వేసింది, ఇంకోటి వేసింది.

తాగనీ అనుకున్నాను.